చిన్నోడి తాళం

కరెంటు ప్యానెల్ తలుపు మీద రోజూ రెండు తాళాలు వేలాడుతుంటాయి. ఎర్రది పెద్దోడిది. పసుపుది చిన్నోడిది.

హైవే పక్కన కార్లకు చార్జింగ్ స్టేషన్ కడుతున్నారు. అన్నదమ్ములిద్దరూ అక్కడ ఎలక్ట్రీషియన్లు.

ఆ పనిలో కట్టుబాటు ఒక్కటే. మెషిన్‌లో చెయ్యి పెట్టేవాడు ముందు దాని స్విచ్ ఆపి, ప్యానెల్‌కి తన తాళం తనే వేసుకోవాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. పని ఆపి బయటికొస్తే తాళం తీసెయ్యాలి.

తాళం ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు.

చిన్నోడికి ఈ కట్టుబాటు అచ్చిరాలేదు. పుట్టి బుద్ధెరిగాక వాడి దగ్గర ఒక తాళంచెవి నిలిచిన పాపాన పోలేదు. పనిలో చేరిన కొత్తలోనే అది కాస్తా పోగొట్టి, కంపెనీ ఇంజనీరు చేత నానా చివాట్లూ తిన్నాడు.

అప్పటినుంచి తమ్ముడి తాళం కూడా అన్నే వేస్తున్నాడు, అన్నే తీస్తున్నాడు. తీసిన తాళాలు రెండూ అతని ప్యాంటు జేబులోనే ఉంటాయి.

వాణ్ణి నువ్వే ముద్దు చేసి పాడుచేస్తున్నావని అమ్మ గోల పెట్టేది. పెద్దోడు నవ్వి ఊరుకునేవాడు. చంకనేసుకుని పెంచినవాడికి తాళమొకటి బరువా?

ఆ రోజు భోజనాలయ్యాక చిన్నోడు చేతులు కడుక్కుని లేచాడు. మూడో మెషిన్ వెనక బోల్టులు ఎందుకైనా మంచిది, ఇంకోసారి బిగించి వస్తానన్నాడు.

"వెళ్లు. నీ తాళం నేనేస్తాలే," అన్నాడు పెద్దోడు.

అప్పుడే ఫోన్ మోగింది.

ఇంజనీరు. ట్రయల్‌కి రావలసిన కారు ముందే బయల్దేరిందట. బ్యాటరీ అడుగంటిందట. దాన్లో కంపెనీ పెద్దవాళ్లందరూ ఉన్నారట. మూడో మెషిన్‌కి ఇంకా కరెంటు ఎందుకివ్వలేదని ఊపిరి సలపనివ్వకుండా దులిపేశాడు.

సరే సార్, సరే సార్ అంటూనే పెద్దోడు గోడ వెనక ఉన్న ప్యానెల్ దగ్గరికి నడిచాడు. అక్కడినుంచి మెషిన్లు కనబడవు.

తలుపు చూశాడు. తాళం లేదు.

తాళం లేదంటే లోపల మనిషి లేడు. ఇన్నేళ్లుగా అతని కళ్లు నేర్చుకున్నది అదే.

స్విచ్ పైకి వేశాడు.

గోడకవతల మెషిన్ ఫ్యాన్లు తిరగడం మొదలైంది. ఆ చప్పుడు విని ఇంజనీరు కూడా చల్లబడ్డాడు. శభాష్ అని ఫోన్ పెట్టేశాడు.

పెద్దోడు ఫోన్ జేబులో వేసుకోబోయాడు.

వేళ్లకు రెండు తాళాలు తగిలాయి.

ఒక్క క్షణం అతనికేమీ అర్థం కాలేదు. చేతిని అలాగే జేబులో ఉంచుకుని, ఖాళీ తలుపుకేసి చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత అర్థమైంది.

స్విచ్ కిందికి లాగాడు. ఇప్పుడు లాగి ఏం లాభమో అతనికే తెలియదు. పరిగెత్తాడు. గోడ మూల తిరిగేలోపల వాడి పెళ్లాం ముఖం గుర్తొచ్చింది, పిల్ల ముఖం గుర్తొచ్చింది, అమ్మ ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.

మూడో మెషిన్ వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. రాగి తీగలు బయటికి కనిపిస్తున్నాయి. కింద చిన్నోడి గ్లవుజులు పడున్నాయి. పక్కనే టోపీ.

మనిషి లేడు.

పెద్దోడు మోకాళ్ల మీద కూలబడి మెషిన్ కిందికి చూశాడు. మెషిన్ వెనక్కి చూశాడు. పక్కన తవ్విన కాలవలోకి చూశాడు.

అప్పుడు వ్యాన్ వైపునుంచి నవ్వు వినిపించింది.

చిన్నోడు. ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో ఫోన్. పానా వ్యాన్‌లోనే మర్చిపోయి, వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లినట్టున్నాడు. ఏ మతిమరుపుకి ఇంటిల్లిపాదీ వాణ్ణి తిడుతుందో, ఆ మతిమరుపు.

పెద్దోడికి లేవాలనిపించలేదు. ఏడవాలనిపించింది. అదీ చేతకాలేదు.

"అమ్మ," అన్నాడు చిన్నోడు, ఫోన్ చూపిస్తూ. "నీకు చేస్తే ఎంతకీ కలవడం లేదట. నాకు చేసింది."

స్పీకర్ పెట్టాడు.

మూడో మెషిన్‌కి కరెంటొచ్చిందనీ, లైటు వెలగడం వ్యాన్ దగ్గర్నుంచి తను కళ్లారా చూశాననీ, అన్నయ్యే స్విచ్ వేశాడనీ వాడు అమ్మకు సంబరంగా చెబుతున్నాడు. ఇంతలో మళ్లీ ఎందుకాపాడో అదొక్కటే తెలియడం లేదన్నాడు.

అమ్మ మధ్యలోనే అందుకుంది.

"ఆ మెషిన్లో పని నీదే కదురా. నువ్వు లోపలుంటేనో?"

చిన్నోడు పెద్దగా నవ్వాడు.

"భలేదానివమ్మా. నేను బయటికెళ్లడం చూసే వేసుంటాడు. చూడకుండా వేస్తాడా అన్నయ్య?"

పెద్దోడు జేబులో చెయ్యి పెట్టి, రెండు తాళాలనూ గుప్పిట పట్టుకున్నాడు.

"కావాలంటే నువ్వే అడుగు," అంటూ చిన్నోడు వంగి, ఫోన్ అన్నయ్య ముఖం దగ్గర పెట్టాడు.

"చెప్పు నాన్నా," అంది అమ్మ.