వాగులో కొంగలు

లకుముకిపిట్ట తోక సగం గీసేసరికి పేజీ మీద టపటపా నీళ్ళు పడ్డాయి.

డ్రాయింగ్ టీచరు తలెత్తి చూసింది. ఎవరో పెద్దాయన. బస్సు షెల్టరులో ఇంత చోటుండగా, వచ్చి సరిగ్గా ఆమె పక్కనే గొడుగు ముడిచాడు.

సెలవుల్లో నాలుగు రోజులు పిట్టల బొమ్మలు వేసుకుందామని, భర్తనూ ఆరేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని ఆమె ఈ పల్లెకి వచ్చింది. వచ్చిన పూటే వాన పట్టుకుంది. పాపకి జ్వరం తగులుకుంది. వాగు ఒడ్డున అద్దెకు తీసుకున్న ఇంట్లో తండ్రీకూతుళ్ళు దుప్పట్లో దూరితే, ఆమె రోడ్డు మీది రేకుల షెల్టరులో కూర్చుని పెన్సిల్ పట్టింది. ఆ కాస్త సుఖానికీ పానకంలో పుడకలా ఈయన తయారయ్యాడు.

పెద్దాయన పుస్తకం అడిగి తీసుకుని, వాసన చూస్తున్నట్టు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

“పిట్ట బాగుందమ్మా. వెనక కొండ వెయ్యలేదేం?”

“నేను పిట్టల కోసం వచ్చానండీ.”

“కొండా వాగూ కూడా వెయ్యమ్మా. అందం కోసం దిద్దకు. ఉన్నది ఉన్నట్టు వెయ్యి.”

ఆమెకు ఒళ్ళు మండింది. తాతకు దగ్గులు నేర్పడం విన్నది గానీ, ఇక్కడ తాతే నేర్పుతున్నాడు. అయినా పోనీలే పెద్దవాడని వేసి ఇచ్చింది.

ఆయన చాలాసేపు చూశాడు. ఎక్కడ దిగారో, వెంట ఎవరెవరున్నారో అడిగి తెలుసుకున్నాడు. ఇల్లు సరిగ్గా కొండ కింద ఉందనీ, ఈ వాన మంచిది కాదనీ, పాపను తీసుకుని దిబ్బ మీది లాడ్జీకి మారిపొమ్మనీ చెప్పాడు.

సాయంత్రం ఈ మాట చెబితే భర్త నవ్వాడు.

“వాడు ఆ లాడ్జీవాళ్ళు పెట్టిన బ్రోకరే. కొండ పేరు చెప్పి జనాన్ని పైకి లాక్కెళ్ళడం వాడి పని. జ్వరంతో ఉన్న పిల్లని వానలో తిప్పితే వాడికేం పోయింది?”

ఆమెకూ అది నిజమే అనిపించింది.

రెండో రోజు కూడా పెద్దాయన వచ్చాడు. మళ్ళీ అదే కొండ, అదే వాగు వెయ్యమన్నాడు. నీళ్ళు ఏ రాయి దాకా ఉన్నాయో సరిగ్గా వేశావా అని గుచ్చిగుచ్చి అడిగాడు. ఇల్లు మారారా అని కూడా అడిగాడు. లేదంటే ఆయన ముఖం మాడిపోయింది. ఎంత జిడ్డు మనిషిరా బాబూ అనుకుంది ఆమె. అనుకుందే గానీ, ఇంటికెళ్ళే దారిలో రెండుసార్లు కొండ వంక చూసింది.

మూడో రోజు వాన ఇంకా హెచ్చింది. రేకుల మీద మోతకి తన మాట తనకే వినబడటం లేదు. ఆమె మాత్రం మంచి హుషారు మీద ఉంది. ఎప్పుడూ ఒకటీ అరా కనబడే కొంగలు ఇవాళ పాతిక దాకా దిగాయి. చెయ్యి నొప్పెట్టేలా గీసింది. పెద్దాయన అడక్కముందే పుస్తకం చేతికిచ్చింది.

ఆయన చూశాడు. వెనక్కి తిప్పి నిన్నటి పేజీ చూశాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు.

“కొంగల్ని వాగు మధ్యలో నిలబెట్టావేమమ్మా?”

“అవి అక్కడే ఉన్నాయండీ. నీళ్ళు తగ్గాయిగా, చేపలు ఏరుకుంటున్నాయి.”

“ఇంత వానలో నీళ్ళు తగ్గాయా?”

ఆమె తల తిప్పి వాగు వంక చూసింది.

పెద్దాయన దిగ్గున లేచాడు. పైన చరియ విరిగి వాగుకు అడ్డంపడిందనీ, నీళ్ళన్నీ దాని వెనక నిండుతున్నాయనీ, ఆ మట్టికట్ట తెగిందంటే కింద ఇల్లు మిగలదనీ గబగబా చెప్పాడు. పాప దగ్గరికి పద అంటూ ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు. విదిలించుకుందామనుకుంది గానీ ఆయన పట్టు వదల్లేదు. ఇద్దరూ బురదలో పడుతూ లేస్తూ ఇంటికి దిగారు.

భర్త గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పాపకి ఇప్పుడే జ్వరం జారి కన్నంటుకుందనీ, లేపితే మర్యాదగా ఉండదనీ అన్నాడు. పెద్దాయన వినలేదు. గోడ పట్టుకుని లోపలికి రాబోయాడు.

భర్త రెండు చేతులతో నెట్టాడు.

పెద్దాయన మెట్ల మీంచి జారి వాకిట్లో పడ్డాడు. పడినచోటి నుంచే అన్నాడు.

“నన్ను నమ్మకపోతే మానెయ్యమ్మా. నువ్వు వేసిన బొమ్మనైనా నమ్ము.”

ఆమె ఇంక ఆగలేదు. భర్తను తోసుకుని లోపలికెళ్ళి, పాపను దుప్పటితో సహా ఎత్తుకుని రోడ్డు వైపు పరుగెత్తింది. పిల్ల తడిసిపోతోందని తిట్టుకుంటూ భర్త వెనకాలే పరుగెత్తాడు.

రోడ్డెక్కి ఊపిరి తీసుకునేలోపు కొండ మీంచి పెద్ద మోత వచ్చింది. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. చెట్లూ రాళ్ళూ బురదా కలిసి వచ్చిన ఆ నీళ్ళు ఇంటిని పునాదులతో సహా ఊడ్చుకుపోయాయి.

“పెద్దాయనేడీ?” అంది ఆమె.

“మన వెనకాలే వస్తున్నాడనుకున్నాను.”

ఆమె కూడా అలాగే అనుకుంది. పడ్డ మనిషికి ఇద్దరిలో ఒక్కరూ చెయ్యివ్వలేదు.

సాయంత్రానికి వాన వెలిసింది. ఒడ్డు వెంట జనం వెతుకుతున్నారు గానీ ఎవరి ముఖంలోనూ ఆశ లేదు. భర్త లాడ్జీ యజమాని దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. మీ మనిషి మా పిల్లని బతికించాడండీ అనబోయాడు. సగంలోనే ఏడుపొచ్చేసింది.

“ఆయన మా మనిషి కాదండీ,” అన్నాడు యజమాని. “రోడ్డు మరమ్మతు గ్యాంగులో ముప్ఫై ఏళ్ళు ఆ కొండనే కనిపెట్టుకుని ఉన్నాడు. దూరపు చూపు పోయి ఉద్యోగం మానేశాక కూడా, బొమ్మలు వేసేవాళ్ళు ఎవరొచ్చినా పక్కన చేరి, కాగితం ముక్కుకి ఆనించుకుని వాళ్ళ బొమ్మల్లోనే కొండని చూసుకునేవాడు.”