రెండో చీటీ

“ఇద్దరు వద్దంటే పంపించేస్తాను. ఒక్కరి మాట మీద మాత్రం పంపను,” అంటూ ఇంటావిడ వంటింటి బల్ల మీద చీటీలు పెట్టింది. “పేర్లు అక్కర్లేదు. ‘ఉండాలి’ అనో ‘వెళ్ళాలి’ అనో రాయండి. అద్దెకున్న ఐదుగురూ రాయాలి.”

ఆ ఇంట్లో గదులు ఎవరివి వాళ్ళవే. వంటిల్లు, హాలు ఉమ్మడి. తగవల్లా రేడియో బాబాయితోనే. పాత రేడియోలు బాగుచేయడం ఆయన పని. పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రం దాకా గరగరలు, కీచుమోతలు, ఉన్నట్టుండి గోడలదిరేలా ఓ పాట. ఆయనకు చెవులు కాస్త మందం. తగ్గించమంటే తగ్గించేవాడు, పది నిమిషాలకు మరిచిపోయేవాడు.

ఫిర్యాదు చేసింది పక్కగది నర్సు. ఆమెకు రాత్రి డ్యూటీ, నిద్రపోవాల్సింది పగలు. కిందటివారం ఆసుపత్రిలో కళ్ళు మూతలు పడుతూ ఒకరి మందు ఇంకొకరి చేతిలో పెట్టింది. ఆ రోగి చూసుకుని అడగబట్టి సరిపోయింది. ఇంటికి రాగానే బాబాయి గుమ్మంలో నిలబడి అరిచేసింది.

“మీ మోత వల్ల ఇవాళ ఓ మనిషి ప్రాణం పోయేది, తెలుసా?”

ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. “నా వల్లేనా తల్లీ?”

“వేరే చోటు చూసుకోకూడదూ?”

“చూస్తూనే ఉన్నానమ్మా. ఈ వయసులో, ఈ పనితో ఎవరు రానిస్తారు?”

ఆ మాట ఇప్పుడు చీటీ ముందు గుర్తొచ్చి నర్సు చెయ్యి ఆగింది. అయినా ‘వెళ్ళాలి’ అని రాసి డబ్బాలో వేసింది. కళ్ళజోడు వెతుక్కుని బాబాయి అందరికంటే ఆఖర్న వేశాడు.

ఇంటావిడ విప్పి చదివింది. ఉండాలి, మూడు. వెళ్ళాలి, రెండు.

“ఆదివారానికి ఖాళీ చేస్తానమ్మా,” అన్నాడాయన నెమ్మదిగా.

అన్నట్టే చేశాడు. వెళ్తూ నర్సుతో, “ఇక హాయిగా పడుకో తల్లీ,” అన్నాడు. ఆమె ఆయన మొహంలోకి చూడలేకపోయింది.

ఇల్లు చప్పబడింది. నర్సుకు మాత్రం నిద్ర పట్టలేదు. ‘నేనొక్కదాన్నే కాదుగా, ఇంకొకరూ వద్దన్నారుగా’ అని మనసుకు సర్దిచెప్పుకునేది. ఆ ఇంకొకరెవరో తెలిస్తే కాస్త బరువు తగ్గుతుందనిపించింది.

మిగతా ముగ్గురు అద్దెవాళ్ళలో ముందు, ఇంట్లోనే అచ్చుతప్పులు దిద్దే ప్రూఫ్‌రీడర్‌ని కదిపింది. “అన్నయ్యా, మీ పనికీ ఆ గోల అడ్డమేగా?”

“మొదట్లో అడ్డమే. తర్వాత అలవాటైపోయిందమ్మా. ఉండాలనే రాశాను.”

రిటైరైన పోస్టుమాన్ నొచ్చుకున్నాడు. “రోజూ నాతో పేకాడే మనిషి. నేనెందుకు పొమ్మంటాను?”

మిగిలింది కుట్టుపని అక్క. ఆమె మిషను ఆపి, నర్సును పక్కన కూర్చోబెట్టుకుంది.

“నువ్వెందుకు రాశావో నాకు తెలుసు. నీ కష్టం నీది. ఆ రెండోది ఎవరు రాశారే?”

“నువ్వేమో అనుకున్నానక్కా.”

“నీ మీదొట్టు, నేను ‘ఉండాలి’ అనే రాశాను.”

ఉండాలన్నవాళ్ళు ముగ్గురూ తేలారని నర్సు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

మిగిలింది బాబాయి చీటీ ఒక్కటే.