ప్రార్థన శాలువా

బ్రూక్లిన్‌లో మా యూదుల వీధుల్లో, బడిలో చదువు చెప్పే మతగురువు రబ్బీ మీద కోర్టుకెక్కినవాడు దొంగకంటే హీనం. ఆ ఇంటి పిల్లని ఎవరూ చేసుకోరు. అలాంటి కేసులు పట్టే లాయర్ని కాబట్టి మా అమ్మే నలుగురిలో నా పేరెత్తదు.

"మా నాన్న సాక్ష్యం చెప్పడు లాయరమ్మా. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు," అన్నాడు తన చిన్నప్పటి రబ్బీ మీద కేసు వేసిన గెట్సెల్. ముప్పై దాటిన మనిషి, గడ్డం పీక్కుంటూ కూర్చున్నాడు.

అంతలో తలుపు తోసుకుని ఆ నాన్నే వచ్చాడు. చంకలో ప్రార్థన శాలువా సంచి. కేసు వెనక్కి తీసుకోమని గొడవకొచ్చాడనుకున్నాను. అయినా అడిగాను.

"చిన్నప్పుడు రబ్బీ తనని ఒంటరిగా గదిలోకి పిలిచి ఏం చేసేవాడో మీ అబ్బాయి అప్పుడే మీకు చెప్పాడా?"

"చెప్పాడు. గురువు మీద నిందలేస్తావురా అని చెంప పగలగొట్టాను. రాసుకో తల్లీ."

గెట్సెల్ లేచి నిలబడ్డాడు. "నాన్నా, చెల్లి పెళ్ళి!"

"నువ్వు కూర్చోరా." ఆయన సంచిలోంచి శాలువా తీసి నా బల్ల మీద పరిచాడు. "మూడేళ్ళకి వీడికి పుట్టువెంట్రుకలు తీయించి, మొహం కూడా కనపడకుండా దీంట్లో చుట్టి, మొదటిసారి బడికి ఎత్తుకెళ్ళాను. దారిలో పిల్లాడి కంట చెడ్డదేదీ పడకూడదుగా. కుక్క ఎదురొస్తే రోడ్డు దాటాను తల్లీ."

"గుర్తుంది నాన్నా. లోపలంతా నీ వాసనే."

ఆయన కొడుకు వైపు చూడలేదు.

"ఇది కూడా రాసుకో. తీసుకెళ్ళి ఆ రబ్బీ ఒళ్ళో కూర్చోబెట్టాను. ముసుగు నా చేత్తో నేనే తీశాను."