ఏడో నంబరు బండి

“పట్టికలో రాసేస్తే సరిపోదా?”

“జీతాలకైతే సరిపోతుందండీ. పేరుకో గడి, ఊరికో గడి, జీతానికో గడి. బండి అలా కాదే! ఇప్పుడున్న చోట ఇంకాసేపటికి ఉండదు. అలాంటి వాటికి వేరే రకం డేటాబేస్ ఉంది. టైమ్ సిరీస్ అంటారు. ఎప్పుడు, ఎక్కడ... ఆ రెండే దానికి ప్రాణం.”

భర్త బుద్ధిమంతుడిలా తలూపాడు. ఆమె తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని వచ్చి అతని పక్కన కుర్చీ లాక్కుంది.

ఒక పెద్ద ఆసుపత్రిలో డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం ఆమెది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతను దాన్ని ‘టకటకల ఉద్యోగం’ అనే పిలిచాడు. అలాంటివాడు ఉన్నట్టుండి, “నీ పనేంటో నాకూ కాస్త నేర్పవూ?” అనడంతో ఆమెకి కాళ్ళు నేలమీద ఆనలేదు.

అతనికి పార్సిల్ బండ్ల వ్యాపారం. ఒక బండి మీద అనుమానం పుట్టిందట.

“ఏడో నంబరు. డ్రైవరు పాత మనిషే. చూడ్డానికి నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంటాడు.”

“అయితే పేరు నాకు చూపించకండి. తప్పు లేదని తేలితే పాపం ఊరికే అల్లరిపాలవుతాడు. చోట్లకీ, ఫోన్ నంబర్లకీ మారు అంకెలు వేసేయండి. వేళలు కూడా కొన్ని గంటలు అటో ఇటో జరపండి. తిరిగిన తీరు తెలుస్తుంది, తిరిగిన మనిషి తెలియడు. మా ఆసుపత్రిలో రోగుల వివరాలకి అలాగే చేస్తాం.”

అదెలా చేయాలో కూడా ఆమే దగ్గరుండి చూపించింది.

ఈ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోకపోతే పొట్ట ఉబ్బిపోయేలా ఉంది. చెప్పుకోవడానికి ఉన్నది అక్క ఒక్కతే. మొగుడి దెబ్బలు పడలేక అక్క విడిగా వచ్చేసినప్పుడు, “నాకు ఒక్కతే కూతురు” అనేశాడు నాన్న. “దాని గడప తొక్కావో, నా గడప మర్చిపో” అన్నాడు భర్త. ఆ ఇద్దరికీ తెలియకుండా ఆమె వెళ్ళి వస్తూనే ఉంది.

“ఆయన మారారే అక్కా. నా పక్కన కూర్చుని పాఠం చెప్పించుకుంటున్నారు.”

అక్క మంచం మీద ఒత్తిగిలి చూసింది. ఆపరేషను కుట్లు ఇంకా ఆరలేదు. “కుక్క తోక వంకర పోతుందటే?”

“నీకు అందరూ మీ ఆయనలాగే కనిపిస్తారు!” అని నవ్వుతూనే, అక్క తల దువ్వి, మందులు వేసి వచ్చింది.

తర్వాతి పాఠం గ్రాఫ్ డేటాబేస్.

“ఇది చుట్టరికాల డేటాబేస్ అనుకోండి. ఎవరికి ఎవరు ఏమవుతారు, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు... చుక్కలు పెట్టి గీతలు కలుపుతుంది. చూడండి, మీ డ్రైవరు అందరికంటే ఎక్కువగా ఈ ఒక్క నంబరుకే చేశాడు. పైగా ఏ రోజుకారోజు చెరిపేశాడు కూడా.”

“చెరిపేస్తే ఏంటట?”

“దాచాల్సింది ఉంటేనే కదండీ చెరిపేది.” ఆమె తెర మీదికి వంగింది. “అవునూ, ఈ బండి రోజంతా ఒకే చోట పడుంటుందేంటి?”

“గోడౌన్. లోడెక్కడానికి టైమ్ పడుతుంది.”

“ఓహో. మరి ఈ తొమ్మిదో చోటు?”

“అదే నాకూ తెలియాలి. అక్కడ మాకు పనే లేదు.”

ఆమెకి పట్టుదల పెరిగింది. భర్త ముందు తన విద్య చూపించుకునే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో! వెక్టర్ డేటాబేస్ తెరిచింది. “దీన్ని పోలికల డేటాబేస్ అనొచ్చు. అచ్చంగా ఒకటే కానక్కర్లేదు, ఒకేలా ఉంటే చాలు. దారి తప్పిన ఒక రోజుని చూపించి, ఇలాంటి రోజులు ఇంకెన్నున్నాయని అడుగుదాం.”

తెర నిండిపోయింది.

“అమ్మ దొంగా!” అంది ఆమె.

భర్త మెచ్చుకోలుగా ఆమె భుజం తట్టాడు.

ఆ ఆదివారం నాన్నని భోజనానికి పిలిచాడు. తినడం అయ్యాక కంప్యూటరు తెచ్చి మామగారి ముందు పెట్టాడు. “మావయ్యగారూ, మీ అమ్మాయి తెలివి మీరూ చూడాలి. నాకు చెప్పినట్టే చెప్పవోయ్.”

ఆమె చెప్పింది. బండి తిరిగిన తీరు, ఫోన్ల గీతలు, ఒకే పోలికలో ఉన్న రోజులు అన్నీ ఒక్కొక్కటిగా విప్పింది. నాన్న కళ్ళు గర్వంతో మెరుస్తుంటే ఆమె గొంతు ఇంకాస్త లేచింది.

“ఒకసారి దారి తప్పితే పొరపాటు నాన్నా. ఇన్నిసార్లంటే అలవాటే. తిండి పెట్టిన చేతికే పంగనామాలు పెడుతున్నాడు.”

“అయితే ఏం చేయమంటావ్?” అడిగాడు భర్త మెత్తగా.

“ఇంకా అడుగుతారేంటండీ? ఫోన్ లాక్కోండి, తాళాలు తీసుకోండి, ఇంట్లో కూర్చోబెట్టండి. జాలి పడ్డారా, నెత్తికెక్కుతాడు.”

“సరిగ్గా చెప్పింది!” నాన్న తొడ చరిచాడు. “నా దగ్గరైతే ఈపాటికి కాళ్ళు విరగ్గొట్టేవాణ్ణి. ఇంతకీ ఎవడు బాబూ ఆ వెధవ?”

“మీరే చదవండి మావయ్యగారూ,” అంటూ భర్త అంకెల ముసుగు తీసేసి, కంప్యూటరుని ఆయన వైపు తిప్పాడు.

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు.

తొమ్మిదో చోటు గడిలో పెద్ద కూతురి చిరునామా ఉంది. డ్రైవరు గడిలో, ఎదురుగా కూర్చున్న కూతురి పేరుంది.