తెర మీద చెదిరిన తెలుగు

తెర మీద ఒక్క తెలుగు అక్షరమూ లేదు.

నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, ప్రశ్నార్థకాలు. నాచారం కమ్యూనిటీ హాల్లో కుర్చీల నిండా కూర్చున్న రిటైర్డ్ కార్మికులు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో వాళ్లు గడిపిన బతుకు, వాళ్లు చెప్పిన మాటల్లోనే, ఈ ఆదివారం నుంచి ఇంటర్నెట్‌లో తెలుగులో కనిపించాలి.

మొదటి వరసలో పట్టుచీరలో కూర్చున్న మానస కళ్లు చిట్లించి తెరను మళ్లీ చూసింది. రాత్రి పడుకోబోయే ముందు కూడా సైటు తెరిచింది. అంతా సరిగ్గానే ఉంది.

"ప్రొజెక్టర్ ఆపండి!" వేదిక మీద నుంచి దయాకర్ అరిచాడు.

"ఆపొద్దు!" ప్లగ్గుకు అడ్డంగా నిలబడ్డాడు బుచ్చిరాములు. మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా రిటైరై, ఈ కార్మికుల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మానసకు మామగారు. "తప్పు జరిగితే అందరు సూడాలె. దాసుడేంది?"

దయాకర్ మానస పనిచేసే కంపెనీలో సీనియర్. ఈ సైటు తన టీమే చేసిందని ఇందాకే మైకులో చెప్పుకున్నాడు. టీమంటే ఎవరో చెప్పలేదు. పక్కనే కంపెనీ యజమాని వెంకటరామయ్య. ఉప్పల్‌లో తెరుస్తున్న కొత్త ఆఫీసుకు ఇన్‌ఛార్జి ఎవరో ఇవాళ ఈ వేదిక మీదే ప్రకటిస్తానన్నాడు. మానస రెండేళ్లుగా కోరుకుంటున్న ఉద్యోగం అది. శాలువా ఉన్న పళ్లెం మాత్రం దయాకర్ ముందుంది.

"ఏంటయ్యా ఇది?" వెంకటరామయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ కంప్యూటర్లో ఫాంటు లేదు సార్."

"ఫాంటు లేకపోయినా కనిపిస్తుందనేగా ఇంతసేపూ ఊదరగొట్టావు!"

దయాకర్ పేజీ మూసి తెరిచాడు. మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచాడు.

"కోడి గెలికినట్టున్నది గదనే!" వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

బుచ్చిరాములు కోడలి వైపు తిరిగాడు. "రెండు నెలల సంది తిండి తిప్పలు లేకుండ జేసింది గిదేనా? ఏం సూస్తున్నవ్? లే! పోయి సరిజెయ్యి!"

మానసకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో పల్లెత్తు మాట అనని మనిషి. రోజూ సాయంత్రం ఆమె పక్కనే కుర్చీ వేసుకుని, ఆమె నొక్కే ప్రతి మీటనూ చూస్తూ, తోటివాళ్ల పేజీల్లో తప్పులు పట్టి చెప్పిన మనిషి. పొద్దున్న తనే పట్టుచీర కట్టుకొమ్మని పట్టుబట్టాడు. ఇప్పుడు పదిమందిలో ఇంత మాటా?

కళ్లు తుడుచుకోకుండానే వేదిక ఎక్కింది.

"మైకు ఆమెకియ్యుండ్రి," అన్నాడు మామ. "ఏం జేస్తున్నవో అందరికి సమజయ్యేటట్టు చెప్పుకుంట చెయ్యి."

రోషం మానస గొంతును నిలబెట్టింది. "మీ ముచ్చట్లు పాత డీటీపీ ఫాంటుల టైపు చేసినయ్. లోపల అవి ఇవే పిచ్చి గుర్తులు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లనే తెలుగు లెక్క కనవడ్తయ్. అందుకే పేజీ బయటికి పోయేటప్పుడే ఒక్కో గుర్తును అసలు తెలుగు అక్షరంగ మార్చి పంపమని సైటును నడిపే సర్వర్‌కు చెప్పిన. ఏ గుర్తుకు ఏ అక్షరమో మొత్తం నేనే కూర్చిన."

"నువ్వా?" వెంకటరామయ్య ముందుకు వంగాడు. "మరి టీమ్?"

"టీమంటే నేనే సార్."

దయాకర్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

ఆమె సర్వర్‌లోని సెట్టింగుల ఫైలు తెరిచింది. అక్షరాలను మార్చి పంపమనే లైను ముందు ఒక హ్యాష్ గుర్తు! అది ఉంటే సర్వర్ ఆ లైనును చదవకుండా దాటేస్తుంది. గుర్తు చెరిపింది. సర్వర్‌కు కొత్త సెట్టింగు చదివించి, పేజీ తెరిచింది.

తెరంతా తెలుగు.

"అగో, నా పేరు!" శాంతాబాయి లేచి నిలబడింది. "శాంతాబాయి, ప్యాకింగ్ సెక్షన్! ఏ ఊర్ల సూసినా గిట్లనే కనవడ్తదా బిడ్డా?"

"ఏ దేశంల సూసినా కనవడ్తది పెద్దమ్మా."

చప్పట్లకు రేకుల కప్పు అదిరింది. ఈలలు కూడా పడ్డాయి. వెంకటరామయ్య శాలువా తీసుకుని లేచాడు. "ఉప్పల్ ఆఫీసు ఇన్‌ఛార్జి ఎవరో ఇక నేను చెప్పాలా?"

"ఒక్క నిమిషం సార్!" దయాకర్ లాప్‌టాప్ తనవైపు లాక్కున్నాడు. "ఆ గుర్తు దానంతటదే రాలేదుగా. ఇదిగో, సర్వర్ లాగ్ చూడండి, ఎవరెప్పుడేం మార్చారో అంతా ఇందులో ఉంటుంది. పొద్దున్న మానస లాగిన్‌తోనే పెట్టారు. తనే చెడగొట్టి, తనే బాగుచేసింది. మీ చప్పట్ల కోసం!"

చప్పట్లు ఆగిపోయాయి. తెర మీద ఆమె పేరు అందరికీ కనిపిస్తోంది.

"నిజమేనా మానసా?" వెంకటరామయ్య శాలువాను మళ్లీ మడత పెట్టాడు.

"పొద్దున్న నేను లాప్‌టాప్ ముట్టనే లేదు సార్. ఒట్టు."

"మరి నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

"ఎవ్వరికీ చెప్పలేదు సార్."

"చెప్పకుండానే ఎట్లా తెలుస్తుందమ్మా?" దయాకర్ నవ్వాడు.

బుచ్చిరాములు ప్లగ్గు వదిలి ముందుకొచ్చాడు. తల దించలేదు.

"గా గుర్తు నేనే వెట్టిన సార్, నడిచే మిషన్ను జూసి ఫిట్టర్ పేరు ఎవడడుగుతడు?"