పుంజు లోపలి తోడు

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతే. తప్పులుంటే మన్నించండి.

ఒక పెరట్లో నల్లపెట్ట మూడుసార్లు పొదిగినా గుడ్లన్నీ మురిగిపోయాయి. యజమాని "ఇది గొడ్డుది, రేపు కూరకి" అని దాన్ని గంప కింద మూశాడు.

"ఏమయ్యా, నా తప్పేముంది?" అని పెట్ట గంప సందుల్లోంచి పుంజునడిగింది. పుంజు తల తిప్పుకుంది.

పక్కనున్న ముసలి బాతు ఊరుకోలేదు. "ఒరే అబ్బాయ్, పెరుగు తోడుకోకపోతే పాలనే తిడతారా? తోడు చూడరా? నీ ఒంట్లోనూ అలాంటి తోడుంటుంది. మూలకణాలని పశువుల డాక్టరు చెబుతుంటే విన్నాను. అవి తాము మిగిలి ఉంటూనే రోజూ కొత్త బీజాన్ని పుట్టిస్తాయట. నిరుటి జ్వరంలో నీవి చచ్చి, గుడ్లకి బీజం అందట్లేదేమో!"

"మెల్లగా, అత్తా! తెలిస్తే నన్ను కోస్తారు."

"తెలియకపోతే దాన్ని కోస్తారు."

తెల్లారింది. కత్తి నూరుతున్న చప్పుడు వినబడింది. లోపం తనదేనేమోనని చెబుదామని పుంజు నోరు తెరిచింది. మళ్లీ మూసేసుకుంది.

ఇక్కడిదాకా రాసేసరికి నాకే భయమేసి ఆపేశాను. మర్నాడు పొద్దున, పిల్లలు కలగట్లేదని కోడల్ని పుట్టింటికి పంపేస్తానంటున్న మా ఆయన ఎదుట నిలబడి చెప్పాను: "ముందు మన అబ్బాయికి కూడా పరీక్ష చేయించాలండీ."