శిలువ లేని మూల

"ఇంకో అడుగు ముందుకొచ్చావంటే ట్రాక్టర్ నా మీదుగా పోవాలి!" సమాధుల తోట వెనకమూలలో అడ్డంగా నిలబడి అరిచారు దానయ్య మాస్టారు.

ట్రాక్టర్ మీదున్న త్రినాథ్ ఇంజను ఆపలేదు. "మీ సమాధుల జోలికి నేనొచ్చానా మాస్టారూ? నా మిరపచేను గట్టు పక్కన ఈ మూల ఖాళీగా పడుంది. కాయలు ఎండబోసుకోవడానికి కల్లం చేసుకుంటున్నా. ఇక్కడ ఒక్క సమాధి చూపించండి, వెనక్కి పోతా."

చూపించడానికేమీ లేదు. ముందువైపంతా సున్నం కొట్టిన సమాధులు, శిలువలు, పేర్లు, తేదీలు. వెనకమూలలో తుమ్మచెట్లు, పల్లేరుకాయలు. నూరేళ్ల తోటలో ఆ అరెకరం సంగతి సంఘంలో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఉరేసుకున్నవాళ్లనీ, పురుగుమందు తాగినవాళ్లనీ, బాప్తిస్మం కాకుండా పోయినవాళ్లనీ అక్కడే పాతిపెట్టారు. పాస్టరు రాడు, గంట కొట్టరు, శిలువ పెట్టరు. అది కట్టుబాటు. సంఘ పెద్దగా ఆ కట్టుబాటుని కాపాడుకుంటూ వచ్చింది ఈ మాస్టారే.

"ఇక్కడ దెయ్యాలున్నాయని మీ నాన్న బాపయ్యే చెప్పేవాడు కదయ్యా! పొద్దుగూకితే ఆడమనిషి ఏడుపు వినిపిస్తుందని మీ కూలీలు ఈ గట్టు తొక్కరు. సమాధులు లేకపోతే దెయ్యాలు ఎక్కణ్ణించి వచ్చాయి?"

ప్రతి ఆదివారం దెయ్యాల్లేవు, భూతాల్లేవు అని ప్రసంగం చేసే పెద్దమనిషి, అవసరం పడేసరికి ఆ దెయ్యాలనే సాక్ష్యానికి పిలిచారు.

కొలతలకొచ్చిన ఆర్.ఐ. అష్రఫ్ టేపు చుట్టుకుంటూ అన్నాడు. "దెయ్యాల చేత పంచనామా మీద సంతకం పెట్టించలేనండీ. మా మనిషిని ఈ మూలనే పాతిపెట్టాం అని ఒక్కరు చెప్పి వేలిముద్ర వేస్తే శ్మశానమని రాసేస్తా. లేకపోతే ఖాళీ జాగా అని రాయాల్సి వస్తుంది."

మాస్టారు తన వెంట వచ్చిన సంఘంవాళ్ల వైపు తిరిగి చూశారు. జనం ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. మావాడు మందు తాగి చచ్చాడు అని పదిమందిలో వేలిముద్ర వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ సిగ్గు నేర్పింది కూడా సంఘమే.

"దేవకుమారిని పిలుచుకురండి," అన్నారు.

దేవకుమారి మిరపకోతలోంచి అలాగే వచ్చింది. అరవై దాటిన మనిషి. చేతుల మంట ఇంకా తగ్గలేదు.

"అమ్మా, మీ ఆయన్ని పెట్టిన చోటు సారుకి చూపించు."

"మా ఆయనకి చోటు కూడా ఉందా మాస్టారూ?" ఆమె గొంతు తోటంతా వినిపించింది. "ఊళ్లో ప్రతి శవానికీ గొయ్యి తవ్విన మనిషి. కౌలుకి వేసిన పత్తి పోయి మందు తాగితే, ఆయనకి మీ వరసలో ఆరడుగులు లేకుండా పోయాయి. మీ కాళ్లు పట్టుకున్నా. గంటన్నా కొట్టించండి అని ఏడ్చా. కొట్టించారా?"

"అది కట్టుబాటమ్మా..."

"గోతులు తవ్వినన్నాళ్లూ ఓడ మల్లన్న, చచ్చాక బోడి మల్లన్న. మళ్లీ ఏరు అడ్డమొచ్చేసరికి గుర్తొచ్చాడా? దెయ్యం ఏడుస్తుందంటున్నారే, ఆ దెయ్యాన్ని నేనే! అలాంటి చావుకి ఏడిస్తే సంఘంలోంచి తీసేస్తామన్నారని, పొద్దుగూకాక వచ్చి ఇక్కడ ఏడ్చుకున్నా. ఇరవయ్యేళ్లు!"

త్రినాథ్ ఇంజను ఆపేశాడు.

"చూపిస్తా," అంది దేవకుమారి. "ముందు గంట కొట్టించండి. శిలువ నాటండి. సున్నం మీ చేత్తో మీరే పూయండి. ప్రార్థన కూడా పాస్టరుగారు కాదు, మీరే చేయాలి. అప్పుడే వేలిముద్ర."

"ఏంటే ఇది, బేరమా?" మాస్టారి ముఖం కందిపోయింది.

"బేరమే. ఇష్టం లేకపోతే ట్రాక్టర్‌ని రానివ్వండి."

మాస్టారు పళ్లు కొరికారు. తోటలో ఈ మూల పోతే సంఘ పెద్దగా తన పేరు కూడా పోతుంది. సరేనని తలూపారు.

దేవకుమారి తుమ్మచెట్ల మధ్యకి నడిచి, ఒకచోట పల్లేరుముళ్లు కాలితో పక్కకి నెట్టి, "ఇక్కడ," అంది.

చర్చి గంట మోగింది. రెండు తుమ్మకొమ్మలు తాడుతో కట్టి శిలువ చేశారు. అరవై ఎనిమిదేళ్ల మాస్టారు పంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద కూర్చుని, పిడుగురాళ్ల సున్నం చేత్తో ఆ నేల చుట్టూ పూశారు. ప్రార్థన మొదలుపెట్టినప్పుడు కోపంగానే ఉన్నారు. సగానికి వచ్చేసరికి స్వరం తగ్గించి, ఒక్కో మాటా ఆగి ఆగి పలికారు. ఆయన చెడ్డవాడేం కాదు, కట్టుబాటంటే భయం, అంతే. కానీ ఆ భయం ఎంతమంది కడుపులు కాల్చిందో తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

దేవకుమారి వేలిముద్ర వేసింది. ఆర్.ఐ. శ్మశానమని రాసుకున్నాడు. త్రినాథ్ గొణుక్కుంటూ ట్రాక్టర్ వెనక్కి తిప్పుకుపోయాడు.

"ఇప్పుడు చల్లబడ్డావా? నీ మొగుడికి దక్కాల్సినవన్నీ దక్కాయి," అన్నారు మాస్టారు, చేతుల సున్నం దులుపుకుంటూ.

"మా ఆయన ఇక్కడ లేడు. అదిగో, ఆ చివర తుమ్మ కింద ఉన్నాడు. ఆయనకి రేపు చేద్దురుగాని."

మాస్టారు గిరుక్కున తిరిగారు. "మరి ఇదెవరిదే?"

"బాప్తిస్మం కాకుండా పోయిందని, ముఖం కూడా చూడకుండా గుడ్డలో చుట్టి మా ఆయన చేతికిచ్చి పంపేశారే... మీ తొలిచూలు ఆడపిల్లది, మాస్టారూ!"